చాటెడు తవుడు

శైలజకి ఆ గోడ కంఠతా వచ్చేసింది.

జంషెడ్‌పూర్ బ్లాకు విద్యా ఆఫీసులో హెడ్‌గుమాస్తా బల్లకి ఎదురుగా ఒక చెక్క బెంచీ ఉంది. పనిమీద వచ్చిన టీచర్లు దాని మీద కూర్చుని, ఆయన తలెత్తేదాకా ఆయన వెనక గోడని చూస్తూ ఉండాలి. నీళ్ళు వృథా చెయ్యొద్దనే బొమ్మ ఒకటి, మూడేళ్ళ కిందటి క్యాలెండరు ఒకటి, ఆఫీసు సిబ్బంది సీనియారిటీ లిస్టు ఒకటి. ఇరవై అయిదు రోజుల్లో ఎనిమిదిసార్లు వచ్చిందామె. ప్రతిసారీ బడి అయ్యాక ట్యాబ్‌లో హాజరు వేలిముద్ర వేసి, రెండు ఆటోలు మారి, ఆఫీసు మూసే అరగంట ముందు చేరేది. ప్రతిసారీ ఒకటే జవాబు, ఫైలు నడుస్తోంది మేడమ్ అని. ఆ ఫైలుకి నిజంగా కాళ్ళుంటే ఈపాటికి కలకత్తా చేరి ఉండేది.

హెడ్‌గుమాస్తా పేరు దుర్గాప్రసాద్. అందరూ బడాబాబు అంటారు. ఆఫీసర్లు వస్తారు, పోతారు, బడాబాబు మాత్రం పోడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఇలాంటివాణ్ణి చూసే అని ఉంటారు.

ఆమె అడిగింది దానమూ కాదు, దయా కాదు. దత్తత సెలవు. కన్నతల్లికి ప్రసూతి సెలవు ఉన్నట్టే, ఏడాది నిండని బిడ్డని దత్తత తెచ్చుకున్న టీచరుకి నూట ఎనభై రోజులు. ఆ రూలు కాగితాన్ని ప్రింటు తీసి, ముఖ్యమైన చోట ఎర్రసిరాతో గీత గీసి మరీ ఇచ్చింది. బిడ్డని ఇంటికి తెచ్చిన నాటికి ఇంకా పదకొండు నెలలు కూడా నిండలేదు. అయినా బడాబాబు లెక్క వేరు. తెచ్చిన నాటికి కాదట, సెలవు ఆర్డరు మీద సంతకం పడే నాటికి ఏడాది లోపు ఉండాలట. ఆ సంతకం పడకుండా ఆపుతున్నది ఎవరయ్యా అంటే ఆయనే. ఇంకో వారంలో బిడ్డకి ఏడాది నిండుతుంది. నిండిందా, సెలవు గోవిందా.

ఆ రోజు మటుకు ఆయన తొందరగానే తలెత్తాడు. ఫైలు తెరిచి, ఆమె వైపు తిప్పి, ఒక నోటు మీద వేలు పెట్టాడు. హిందీలో ముత్యాల్లాంటి అక్షరాలు. సదరు బాలికను ఉపాధ్యాయురాలి కుటుంబం కొనుగోలు చేసినట్టు విశ్వసనీయంగా తెలియవచ్చిందనీ, విచారణ పూర్తయ్యేవరకూ సెలవు పరిశీలించడం కుదరదనీ దాని సారాంశం.

శైలజ రెండుసార్లు చదివింది. కొనుగోలు అన్న మాట దగ్గర కళ్ళు ఆగిపోయాయి. ఎవరు చెప్పారీ మాట అని అడిగింది.

"మీ అత్తగారే చెప్పారు మేడమ్," అన్నాడు బడాబాబు. "మీ ఇంట్లోనే. నేను స్వయంగా విన్నాను."

*

బిడ్డ పేరు ఖుషీ. రాంచీ దత్తత సంస్థవాళ్ళు పెట్టిన పేరది. శైలజా, ఆమె భర్త రాజ్‌కిరణ్ మూడేళ్ళు వరసలో నిలబడితే ఆ ఫోన్ వచ్చింది. వెళ్ళి తెచ్చుకున్నారు. ఇంటికొచ్చిన మొదటి అయిదు రోజులూ ఆ పిల్ల ఏడవనే లేదు. ఎంత బుద్ధిమంతురాలో అని వాళ్ళుండే కాసిడీహ్‌లో ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. శైలజకి మాత్రం గుండె చెరువైంది. ఏడిస్తే ఎవరో వస్తారని తెలిసిన పిల్లలే ఏడుస్తారు. ఆ సంగతి ఈ పిల్లకి ఎవరూ నేర్పలేదు.

మిగిలి ఉన్న నాలుగు రోజుల సెలవూ, మధ్యలో ఆదివారమూ అయిపోయి, ఆరో రోజు పొద్దున్న శైలజ బడికి బయల్దేరింది. అప్పుడు ఏడ్చింది పిల్ల. మొదటిసారి ఏడవడం నేర్చుకుని, ఆ సాయంత్రం దాకా ఆపలేదు. ఎవరు ఎత్తుకున్నా కిందికి జారిపోయేది. సీసా నోట్లో పెడితే మొహం తిప్పేసేది. శైలజ వచ్చాక ఆమె చెవి తమ్మె పట్టుకుని నిద్రపోయేది. ఆ వేళ్ళు విడిపించి లేవాలంటే శైలజకి ప్రాణం మీదికి వచ్చేది.

సంస్థ తరఫున చూడ్డానికి వచ్చిన స్మిత అనే అమ్మాయి బిడ్డని కాటాలో పెట్టింది. మూడు వారాల్లో అరకిలో తగ్గింది. మంచిదే ఆ అమ్మాయి, కసురుకోలేదు. మొదటి కొన్ని నెలలూ ఒకే చేతులు, ఒకే ఒళ్ళు ఉండాలక్కా, సెలవు ఉంటుంది కదా, ఇంకా ఎందుకు పెట్టలేదు అని అడిగింది. ఇలాగే తగ్గితే బిడ్డ మీ దగ్గర కుదురుకోలేదని రిపోర్టులో రాయక తప్పదు అని కూడా చెప్పింది. దత్తత ఆర్డరు ఇంకా రాలేదు. రిపోర్టు బాగా లేకపోతే అది రాకపోనూ వచ్చు.

మెడికల్ సెలవు పెడదామంటే జబ్బు లేదు. జీతం లేని సెలవైనా ఇమ్మంటే, ఒక ఫైలు తేలకుండా ఇంకోటి ఎత్తకూడదన్నాడు బడాబాబు. ఏడేళ్ళ కిందట మాత్రం ఆయనకి ఇన్ని రూళ్ళు గుర్తు రాలేదు.

ఏడేళ్ళ కిందట శైలజ కడుపుతో ఉంది. అంతకుముందు ఒకటి మూడో నెల్లోనే పోయింది. ఇది ఎనిమిదో నెల దాకా నిలిచింది. ప్రసూతి సెలవుకి కాగితం పెట్టిన మూడో రోజున ఆర్డరు ఇంటికే వచ్చింది. మిఠాయి ఎప్పుడు అని బడాబాబు చీటీ కూడా రాసి పంపాడు. ఆ మర్నాడు కడుపులో బిడ్డ కదలడం మానేసింది. ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చిందామె. సెలవు మటుకు అలాగే ఉండిపోయింది. ఎవరూ రద్దు చెయ్యలేదు, ఎవరూ బిడ్డని చూపించమనలేదు. పాలు పడి గడ్డకట్టిన రొమ్ములకి పాలు ఇంకిపోడానికని అత్తగారు నూకమ్మ మల్లెపూలు కట్టింది. ఆ పూల వాసన పీలుస్తూ ఖాళీ ఇంట్లో ఆరు నెలలు కూర్చుంది శైలజ. ఒళ్ళో ఎవరూ లేనప్పుడు అడిగిన మూడో రోజుకే ఇచ్చారు. ఇవాళ ఒళ్ళో పిల్ల ఉంటే, ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎంతకి వచ్చింది అని ఆరా.

*

ఇక అత్తగారు చేసిన నిర్వాకం.

నూకమ్మది శ్రీకాకుళం వైపు. పెళ్ళయి జంషెడ్‌పూర్ వచ్చి, ముప్పై ఏళ్ళు కాంట్రాక్టర్ల కింద రేజాగా, అంటే ఆడకూలీగా, ఇటుకలు మోసింది. అక్షరం ముక్క రాదు, నోరు మాత్రం సైరన్. బిడ్డ ఇంటికి రాగానే ఆమె మొదట అన్న మాట, ఈ గుంటని కొనాలి అని. రెండు కాన్పులు దక్కని ఇంట్లో మూడో బిడ్డని ఊరికే ఉంచుకోకూడదట. చాటెడు తవుడిచ్చి కొనుక్కోవాలట. అప్పుడు దిష్టికీ, మృత్యువుకీ కూడా ఆ బిడ్డ తవుడుపాటి చెయ్యదనిపించి వదిలేస్తాయట. నూకమ్మకి ముందు ఇద్దరు పోతే మూడోవాణ్ణి అలాగే కొన్నారు. కాగితాల్లో రాజ్‌కిరణ్ అయినవాడు ఇంట్లో ఇప్పటికీ తవుడే.

శైలజ సైన్సు టీచరు. వద్దు అంది. తర్వాత, ముసలిదాని ముచ్చట, పోనీలే అనుకుంది. పదకొండో రోజు ఆదివారం బంధువుల్నీ, బడిలో తోటి టీచర్లనీ భోజనానికి పిలిచింది. ఫైలు త్వరగా కదులుతుందేమో అన్న ఆశతో బడాబాబునీ పిలిచింది. ఆ బుద్ధి తక్కువ పని తనదే. అది తల్చుకున్నప్పుడల్లా తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

పాలవాళ్ళ ఖటాల్లో గేదెలకి పెట్టే తవుడు చేటలో తెచ్చింది నూకమ్మ. పక్కింటి జోగమ్మ అమ్మేదానిలా పిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఈ గుంటనమ్ముతావేటే అని నూకమ్మ మూడుసార్లు అడిగింది. చాటెడు తవుడిత్తే అమ్ముతానని జోగమ్మ మూడుసార్లు అంది. తవుడు అటు వెళ్ళింది, పిల్ల ఇటు వచ్చింది. తవిటమ్మా అని నూకమ్మ పిల్ల చెవిలో మూడుసార్లు పిలిచింది. ఆడవాళ్ళు నవ్వారు. బడాబాబు బూరెలు తింటూ, ఏమిటిదంతా అని నూకమ్మని అడిగాడు. ఆవిడ తనకొచ్చిన హిందీలో గర్వంగా, "భూసీ దేకే ఖరీదా," అంది. తవుడిచ్చి కొన్నామని. ఆయన నవ్వి ఇంకో రెండు బూరెలు వేయించుకున్నాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

*

ఆ సాయంత్రం శైలజ ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారికి సంగతంతా చెప్పింది. చెప్పడం కాదు, మీద కుమ్మరించింది. పిల్ల చంకలోకి దూకి చెవి పట్టుకున్నా ఆగలేదు.

నూకమ్మ గరిటె పక్కన పెట్టింది. "నానేటి తప్పు సేసినానమ్మా? తవుడికి కొన్న గుంటడే గదా నీ మొగుడు."

"మీ నోరే అత్తా," అంది శైలజ. "నా కడుపులోవి రెండూ దేవుడు తీసుకుపోయాడు. దీన్ని మీ నోరు తీసుకుపోతోంది. ఇంక ఆ తవుడూ గివుడూ పేర్లు ఈ ఇంట్లో వినబడకూడదు."

ఆ మాట అన్న క్షణంలోనే, అనకూడనిది అన్నానని ఆమెకి తెలుసు. అయినా వెనక్కి తీసుకోలేదు. కోపం అలాంటిది, తగలవలసినవాడు అందకపోతే అందినవాళ్ళకి తగులుతుంది. నూకమ్మ గరిటె మళ్ళీ తీసుకుంది. సైరన్ లాంటి మనిషి ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో ఉందో లేదో తెలియనట్టు తిరిగింది. పిల్లని పేరు పెట్టి పిలవడం మానేసింది. ఇటు రా, అటు పోకు అని మాత్రం అనేది.

రాజ్‌కిరణ్ టెల్కో ఫ్యాక్టరీ నుంచి షిఫ్టు బస్సు దిగి వచ్చి, అన్నీ విని, జానే దో, పోనిద్దూ అన్నాడు. అందులో సగం నీరసం, సగం భయం. కొన్నామని రాసినవాడు రేపు పోలీసుకీ రాస్తాడు, పిల్లనే పట్టుకుపోతారు, గొడవ పెట్టుకోకు అని అతని మాట. తప్పు చెయ్యనివాళ్ళు ఎందుకు భయపడాలని శైలజ అతని మీదా లేచింది. అతను మంచం మీద వాలి దుప్పటి ముసుగేశాడు. శైలజ మర్నాడు ఆఫీసుకి వెళ్ళింది, బడాబాబు లేడు. ఆ మర్నాడు వెళ్ళింది, ఆఫీసరు మేడమ్ మీటింగులో ఉంది. ఆ తర్వాత రెండు రోజులు పండగ సెలవులు. మిగిలింది ఒక్క రోజు.

*

ఆ ఒక్క రోజున ఆమె బడికి వెళ్ళలేదు. పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరుతుంటే, నూకమ్మ అప్పటికే నేత చీర కట్టుకుని, పిల్లకి టోపీ పెట్టి, చంకనేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. కొంగు చివర ఏదో మూటలా కట్టి ఉంది.

"నా నోటితో పోయింది గదా," అంది నూకమ్మ. "నా నోటితోనే తెత్తాను. పద."

మీరొస్తే ఇంకా పాడవుతుందని శైలజ గట్టిగానే అంది. ముసలావిడ విననట్టు ఆటో ఎక్కి కూర్చుంది. పిల్లని దింపడానికి లేదు, దింపితే ఏడుస్తుంది. చివరికి ముగ్గురూ ఆ బెంచీ మీదికే చేరారు. బడాబాబు చూశాడు, చూడనట్టు తల దించుకుని ఏదో రాసుకుంటున్నాడు. అరగంట గడిచింది. గంట గడిచింది. ఆఫీసరు మేడమ్ గది తలుపు మూసే ఉంది. లోపల ఉందిట, ఎవర్నీ పంపొద్దందిట.

నూకమ్మకి తోచక గోడ కేసి చూస్తోంది. ఆ కాగితం మీద ఏటి రాసుందమ్మా అని అడిగింది. ఆఫీసు వాళ్ళ పేర్లు అని శైలజ పళ్ళ బిగువున చెప్పింది. చదవమంది నూకమ్మ. ఇదొక్కటీ తక్కువైంది అనుకుంది శైలజ. అయినా ఆ లిస్టు కళ్ళు మూసుకుని కూడా చెప్పగలదు కాబట్టి, విసుగ్గా అప్పజెప్పింది. ఒకటో నంబరు దుర్గాప్రసాద్, తండ్రి కీర్తిశేషులు పచ్‌కౌడీ ప్రసాద్. రెండో నంబరు...

"ఆగు," అంది నూకమ్మ. "అయ్య పేరేటన్నావు?"

శైలజ మళ్ళీ చెప్పింది.

నూకమ్మ బడాబాబు బట్టతల కేసి చూసింది. తర్వాత గొంతు తగ్గించి కోడలికి చెప్పింది. "పచ్‌కౌడీ అంటే అయిదు గవ్వలమ్మా. నాతో ఇటకలు మోసిన రేజా ఒకతుండేది, దాని మొగుడు పేరు ఛకౌడీ, ఆరు గవ్వలు. ముందు పుట్టినోళ్ళు దక్కకపోతే ఈ బీహారోళ్ళూ మనలాగే గుంటల్ని అమ్ముతారు, మంత్రసానికి. మనకి తవుడు, ఆళ్ళకి గవ్వలు. ఈ బాబు అయ్యని అలా కొన్నదేనమ్మా."

శైలజకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నిసార్లు చదివిన పేరు. తనకి దాని అర్థం తెలియదు, సరే. ఆయనకి తెలియదా? సొంత తండ్రి పేరు, పుట్టినప్పటి నుంచి ప్రతి దరఖాస్తు మీదా తన చేత్తో రాసుకున్న పేరు. ఆ ఆదివారం తమ ఇంట్లో బూరె నోట్లో పెట్టుకుని, తవుడు మారడం చూస్తూ, ఇది ఏమిటో ఈ మనిషికి తెలుసు. అక్కడున్న అందరికన్నా బాగా తెలుసు. తెలియక రాస్తే తెలివితక్కువతనం అనుకుని సరిపెట్టుకోవచ్చు. తెలిసి రాశాడు.

ఆమె లేచేలోపే నూకమ్మ లేచింది. పిల్లని కోడలి చేతుల్లో పెట్టి, బల్ల దగ్గరికి వెళ్ళి, కొంగు ముడి విప్పింది. గుప్పెడు తవుడు ఫైలు మీద జారింది. సాక్ష్యం చూపించడానికని తెచ్చిందావిడ, మా తప్పు ఇంతే బాబూ అని బతిమాలుకోవడానికి. ఇప్పుడు బతిమాలుకోలేదు. తనకొచ్చిన ఇటుకబట్టీల హిందీలో, ఆఫీసంతా వినబడేలా అడిగింది. ఇదీ మా పిల్ల ధర, తూచుకో. మీ నాన్న ధర అయిదు గవ్వలు. మీ నాయనమ్మ మీద విచారణ ఎవరు చేశారు బాబూ?

టైపు కొడుతున్న కుర్రగుమాస్తా చేతులు ఆగాయి. టీ తెచ్చినవాడు టీతోనే నిలబడిపోయాడు. బడాబాబు మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. తవుడు దులపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత జవాబు చెప్పాడు. మెల్లగా, పెద్ద న్యాయం చెబుతున్నట్టు చెప్పాడు.

"అది వేరు. ఆయన మా సొంత రక్తం."

అదీ సంగతి. ముప్పై ఒక్క రోజుల తర్వాత అసలు మాట బయటపడింది. రూలూ కాదు, తేదీ కాదు, విచారణా కాదు. రక్తం. శైలజ పిల్లతోనే బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏడేళ్ళ కిందట నా సొంత రక్తం కడుపులోనే చచ్చిపోయింది," అంది. "దానికి మీరు మూడు రోజుల్లో ఆరు నెలల సెలవిచ్చారు. చచ్చిన రక్తం మీద ఉన్న దయ బతికున్న పిల్ల మీద లేదు మీకు. సరే. ఆ మాటే ఫైలులో రాయండి. రక్తం కాదు కాబట్టి సెలవు లేదని రాసి సంతకం పెట్టండి. ఇక్కడే, నా ఎదురుగా."

బడాబాబు కలం ముట్టుకోలేదు. ఆమె రాయమంది, మళ్ళీ రాయమంది. ఒక్కొక్కసారికీ గొంతు పెరిగింది. పిల్ల ఏడుపు అందుకుంది. ఆ రెండు గొంతులూ కలిసి లోపలి తలుపు తెరిపించాయి.

ఆఫీసరు మేడమ్‌కి నలభై ఏళ్ళు ఉంటాయి. చేతిలో కారు తాళాలున్నాయి, ఎక్కడికో ఆలస్యమవుతున్నట్టుంది. ఏమిటీ రభస అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తవుడు కింద నుంచి ఫైలు లాగి, నిలబడే తిరగేసింది. ఎర్రసిరా గీత దగ్గర ఆగింది. బిడ్డని తెచ్చిన తేదీ అడిగింది, సంస్థ ఇచ్చిన కాగితం చూసింది. ఈ విచారణకి ఎవరు ఆర్డరిచ్చారని బడాబాబుని అడిగింది. ముందుజాగ్రత్తకని రాశానన్నాడాయన. మేడమ్ ఆ నోటు మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, కింద మంజూరు అని రాసి సంతకం పెట్టింది. నా దాకా రాలేదమ్మా ఇది అని శైలజతో అంటూ వెళ్ళిపోయింది.

మొత్తం మూడు నిమిషాలు పట్టలేదు. ఆ మూడు నిమిషాల కోసం అరకిలో కరిగింది పిల్ల. శైలజకి సంతోషం కలగలేదు. కోపం ఇంకా పెరిగింది. మెట్లు దిగిపోతున్న ఆ మేడమ్‌ని కూడా పిలిచి నాలుగు దులపాలనిపించింది. నీ తలుపు మూసుకుని నువ్వేం చేస్తున్నావమ్మా ఇన్నాళ్ళూ అని అడగాలనిపించింది.

బడాబాబు సొరుగు లాగి ఆర్డరు ఫారం తీశాడు. దత్తతకి వేరే ఫారం లేదు, ప్రసూతి సెలవుదే. ప్రసవం అన్నచోట కొట్టేసి దత్తత అని రాశాడు. తలెత్తకుండా టీచరు పేరు రాశాడు, బడి పేరు రాశాడు. బిడ్డ పేరు అన్న గడి దగ్గరికి వచ్చి, మామూలుగా అడిగాడు.

శైలజ వెనక్కి చూడలేదు. బెంచీ దగ్గర నిలబడి, ఖాళీ కొంగు వేలికి చుట్టుకుంటున్న అత్తగారిని చూస్తే ఏడుపు వస్తుందని ఆమెకి తెలుసు. ఇక్కడ ఏడవదలుచుకోలేదు. చెయ్యి చాచి ఆయన చేతిలో కలం తీసుకుంది. చంకలో పిల్ల వెక్కిళ్ళు మింగుతూ ఆమె చెవి తమ్మె వెతుక్కుంటోంది. ఆ గడిలో, పక్క గడిలోకి పోయేంత పెద్ద అక్షరాలతో, ఖుషీ ఉరఫ్ తవిటమ్మ అని రాసింది.

బడాబాబు ఆ రెండో పేరు కేసి చూశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, నోరు ఊరుకోలేదు. దీని అర్థం ఏమిటి మేడమ్ అన్నాడు.

"మీ నాన్నగారి పేరుకి ఏ అర్థమో అదే," అంది శైలజ. "ముద్ర వెయ్యండి."